కంచానికి అంటుకున్న అర గ్రాము నూనె

వేపుడు, పప్పులో పోపు, చివర్లో పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క. తిన్నాక స్టీలు కంచానికి అంటుకుని మిగిలే నూనె అర గ్రాము అనుకుందాం. 28 సెంటీమీటర్ల కంచం మీద అది సమానంగా పరుచుకుంటే పొర మందం 9 మైక్రాన్లు తేలుతుంది. అంటే మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. తల వెంట్రుక మందంలో ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. ఇంత పల్చటి జిడ్డు చల్లటి కొళాయి నీళ్ల కింద ఎంతసేపు పెట్టినా పోదు. పీచుకు కాస్త సబ్బు అద్ది రుద్దితే క్షణాల్లో పోతుంది.

సబ్బు నూనెను కరిగించేస్తుందని చెప్పుకుంటాం. లెక్క వేసి చూస్తే ఆ జవాబు నిలబడదు. జిడ్డులో చాలా భాగం కరగనే కరగదు. నూనె నూనెగానే ఉండి కంచాన్ని మాత్రం వదిలేస్తుంది. దాన్ని పెకలించేది నీళ్లే. ఆ నీళ్లకు నూనె కిందికి దారి చేసిపెట్టడమే సబ్బు పని. ఈ ఒక్క సంగతి పట్టుబడితే అంట్లు తోమడంలో ఏది పనికొస్తుందో, ఏది ఉత్త శ్రమో చాలావరకు తెలిసిపోతుంది. రోజుకు రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి, ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా జరిగే పని ఇది. దీని వెనక శాస్త్రం ఎనభై తొంభై ఏళ్లుగా తెలిసే ఉన్నా వంటింటి దాకా సరిగ్గా చేరలేదన్నది నా బాధ. అందుకే ఇన్ని అంకెలు.

72, 33, 25

25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. నీటి ఉపరితలం మీద ఒక మీటరు పొడవు గీత గీశామనుకోండి. ఆ గీతకు ఇటువైపున్న నీరు అటువైపున్న నీటిని సుమారు 7 గ్రాముల బరువంత బలంతో లాగుతుంటుంది. వంటనూనెల తలతన్యత 33 దరిదాపుల్లో ఉంటుంది. నీళ్లూ నూనే ఒకదానికొకటి ఆనుకునే సరిహద్దులో కూడా ఇలాంటి తన్యతే ఉంటుంది. మామూలు వంటనూనెకు అది సుమారు 25. నూనె బాగా శుద్ధమైనదైతే 30 దాకా పోతుంది.

ఒక ద్రవం ఇంకో ద్రవం మీద పరుచుకుంటుందా లేదా అన్నది చిన్న తీసివేతతో తేలిపోతుంది. కింద ఉన్నదాని తన్యతలోంచి పైదాని తన్యతనూ, రెండింటి సరిహద్దు తన్యతనూ తీసేయాలి. మిగిలింది ధన సంఖ్య అయితే పరుచుకుంటుంది. రుణ సంఖ్య అయితే ముడుచుకుని చుక్కలు కడుతుంది. జిడ్డు మీద ఉత్త నీళ్లు పోసినప్పుడు లెక్క ఇది: 33 − 72 − 25 = −64. జిడ్డు కంచం మీద నీళ్లు చుక్కలుగా విరిగి జారిపోవడానికి కారణం ఆ −64.

ఇప్పుడు అందులో డిష్‌వాష్ లిక్విడ్ కలపండి. నీటి తలతన్యత 72 నుంచి 30కి దిగుతుంది. నూనెతో సరిహద్దు తన్యత 25 నుంచి రెండుకో, అంతకంటే కిందికో పడిపోతుంది. 33 − 30 − 2 = +1. గుర్తే మారిపోయింది. ఇందాక జిడ్డును చూసి ముడుచుకున్న నీళ్లే ఇప్పుడు దాని మీద పరుచుకుంటాయి.

ఈ మార్పు తెచ్చే పదార్థాల పేరు సర్ఫాక్టెంట్లు. మన అంట్ల సబ్బు బిళ్లల్లో ఎక్కువగా ఉండేది లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. లిక్విడ్లలో సోడియం లారెత్ సల్ఫేట్ కూడా కలుస్తుంది. ఒక్కో అణువు పొడవు రెండు నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు నూనె అంటే ఇష్టం. రెండూ ఒకేసారి తీరే చోటు నూనె, నీళ్ల సరిహద్దు ఒక్కటే కాబట్టి అణువులన్నీ అక్కడికే చేరి బారులు తీరతాయి. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. అసలు పని జరిగేది ఆ తర్వాత, అదీ జిడ్డు నడిమధ్యన కాదు, అంచున.

అంచు దగ్గర ఏం జరుగుతుంది

నీళ్లలో మునిగిన కంచం మీద ఒక నూనె చుక్క ఉందనుకోండి. దాని అంచున మూడు కలుస్తాయి: స్టీలు, నూనె, నీళ్లు. మూడు సరిహద్దులు, మూడు తన్యతలు. ముగ్గురు మూడు వైపుల నుంచి ఒకే ముడిని తాళ్లతో లాగుతున్నట్టు ఉంటుంది అక్కడ పరిస్థితి. ఎవరి బలం పెరిగితే అంచు అటు జరుగుతుంది. ఈ మూడు బలాల సంబంధాన్ని 1805లోనే ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ వివరించాడు. ఆ మూడింటి సర్దుబాటు నుంచి వచ్చేదే స్పర్శ కోణం. నూనె లోపలి వైపు నుంచి కొలిస్తే, ఆ కోణం తక్కువగా ఉన్నప్పుడు చుక్క పల్చగా పరుచుకుని ఉంటుంది. 90 దాటితే ఉబ్బుతుంది. 180కి చేరితే కంచాన్ని ఒక్క బిందువు దగ్గర మాత్రమే తాకే గుండు అవుతుంది. అక్కడి నుంచి దాన్ని కదపడానికి బలమే అక్కర్లేదు.

సబ్బు కలిశాక సర్ఫాక్టెంట్ అణువులు రెండు చోట్ల చేరతాయి. నూనె, నీళ్ల సరిహద్దున కొన్ని, నీళ్లు తాకుతున్న స్టీలు మీద కొన్ని. రెండు చోట్లా తన్యత తగ్గుతుంది. నూనె, స్టీలు సరిహద్దుకు మాత్రం అవి అంత సులువుగా చేరలేవు కాబట్టి అక్కడి తన్యత ఉన్నట్టే ఉంటుంది. దాంతో బలాల సమతూకం తప్పుతుంది. నీళ్లు తాకే స్టీలు పెరిగేలా, నూనె తాకే స్టీలు తగ్గేలా అంచు లోపలికి జరుగుతుంది. పొరగా ఉన్న నూనె తనంతట తానే చుట్టుకుని చుక్కగా మారుతుంది. 1937లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఎన్.కె. ఆడమ్ ఉన్ని పోగుల మీది కొవ్వు డిటర్జెంటు నీళ్లలో ఇలాగే చుట్టుకుని చుక్కలు కట్టడాన్ని వర్ణించాడు. బట్టల మీద కనిపెట్టిన ఈ విషయం గిన్నెలకు మరింత బాగా వర్తిస్తుంది. గట్టి, నునుపైన ఉపరితలం మీద నూనె దాక్కోవడానికి సందులు ఉండవు కదా.

దీనివల్ల ఎంత లాభమో ఒక లెక్కలో చూద్దాం. స్టీలు నుంచి నూనెను విడదీయడానికి చదరపు మీటరుకు కావలసిన శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది: నూనె, నీళ్ల సరిహద్దు తన్యత ఒకటి, స్పర్శ కోణం రెండోది. సబ్బు లేనప్పుడు తన్యత 25, కోణం 40 డిగ్రీలు అనుకుంటే ఆ శక్తి 44 మిల్లీజౌళ్లు. మంచి డిటర్జెంటుతో తన్యత 1కి దిగి కోణం 150కి పెరిగిందనుకుంటే 0.13 మిల్లీజౌళ్లు. అంటే 330 రెట్లు తక్కువ. ఇందులో 25 రెట్లు తన్యత తగ్గినందువల్ల వచ్చాయి. మిగతా 13 రెట్లు కోణం మారినందువల్ల వచ్చాయి. చేతికి పడే శ్రమలో తేడా అంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది.

దీన్ని కళ్లతో చూడొచ్చు. వెడల్పాటి గాజు గిన్నె అడుగున చిన్న స్టీలు మూత పెట్టి, దాని మీద ఒక్క చుక్క వేరుశనగ నూనె వేసి, అంచు నుంచి నెమ్మదిగా నీళ్లు పోయండి. గిన్నె పక్క నుంచి, కంటిని మూత మట్టానికి తెచ్చి చూడాలి. నూనె బల్లపరుపుగా అంటుకుని కనిపిస్తుంది. ఇప్పుడు కొంచెం దూరంలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి కదపకుండా ఆగండి. కొన్ని సెకన్లకో, నిమిషానికో నూనె అంచు లోపలికి జరగడం మొదలవుతుంది. చుక్క వెడల్పు తగ్గి ఎత్తు పెరుగుతుంది. నూనె సాంద్రత 0.92 మాత్రమే కాబట్టి నీళ్లు దాన్ని పైకి నెడుతుంటాయి. కింద మెడ సన్నబడుతుంది. ఒక దశలో మెడ తెగి పెద్ద చుక్క పైకి తేలిపోతుంది. మూత మీద చిన్న తునక ఒకటి మిగిలిపోవచ్చు. కోణం 90 దాటినా 180కి చేరలేదన్నమాట. ఆ మిగిలిన తునకను వదిలించడానికే పీచు కావాలి. పీచు చేసే పని గీకడం ఒక్కటే కాదు. అంచుల దగ్గర నీళ్లను వేగంగా కదిపి, మెడ సన్నబడిన చుక్కలను తెంపేయడం కూడా దాని పనే.

ఇదంతా సాగడానికి స్టీలు స్వభావం కూడా తోడవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ ఆక్సైడ్‌కు నీళ్లంటే ఇష్టం. గాజూ అంతే. ప్లాస్టిక్ డబ్బా సంగతి వేరు. పాలీప్రొపిలీన్ ఉపరితల శక్తి 30 దరిదాపుల్లోనే ఉంటుంది. దాని రసాయన స్వభావం నూనెకు దగ్గర, నీళ్లకు దూరం. నీళ్లలో ముంచినా నూనె ఆ ప్లాస్టిక్‌నే పట్టుకుని ఉంటుంది. సర్ఫాక్టెంట్ అణువులు ప్లాస్టిక్ మీద కూడా నూనెను ఇష్టపడే కొసలు, అంటే తోకలు, ఆనించి పరుచుకుని, దాన్ని నీళ్లకు అనువుగా మార్చాకే నూనె వదులుతుంది. కూర డబ్బాను రెండుసార్లు తోమాల్సి రావడంలో తోమేవాళ్ల తప్పేమీ లేదు. పసుపు రంగైతే ప్లాస్టిక్ లోపలికే దిగిపోతుంది. అది జిడ్డు కాదు, ఏ సబ్బుకూ పూర్తిగా రాదు.

మిసెల్ మింగేంత నూనె ఎంత?

పదో తరగతి సైన్సు పుస్తకంలో ఒక బొమ్మ ఉంటుంది: నడుమ నూనె, చుట్టూ సబ్బు అణువులు తోకలు లోపలికి పెట్టి నిలబడిన గుండ్రటి గుంపు. దాని పేరు మిసెల్. బొమ్మ చూసిన పిల్లలకు సబ్బు నూనె చుక్కను ఎత్తుకుపోవడం అలాగే అనిపిస్తుంది. కొలతలు పెట్టి చూస్తే బొమ్మలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయని తెలుస్తుంది.

సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే బాగా పరిశోధించిన సర్ఫాక్టెంట్‌ను తీసుకుందాం. దాని మిసెల్‌లో సుమారు 60 అణువులు ఉంటాయి. వ్యాసం 4 నానోమీటర్లు. తోమేటప్పుడు కంచం నుంచి విడిపోయే నూనె చుక్క వ్యాసం 10 మైక్రాన్లు, అంటే 10,000 నానోమీటర్లు అనుకుందాం. మిసెల్ కంటే 2,500 రెట్లు వెడల్పు. ఘనపరిమాణంలో 1,500 కోట్ల రెట్లకు పైమాటే. అంత చుక్క ఆ మిసెల్‌లో ఇమడటమన్న ప్రశ్నే రాదు. మిసెళ్లు లోపల ఇముడ్చుకోగల నూనె, ఉన్న సర్ఫాక్టెంట్ బరువులో చిన్న భాగమే. కంచం మీద నూనెకు అవి చాలవు.

అయితే పెద్ద చుక్కలు మళ్లీ కంచానికి అంటుకోకుండా ఆపేది ఎవరు? వాటి ఉపరితలం మీద ఒకే ఒక్క అణువు మందంలో పరుచుకున్న సర్ఫాక్టెంట్ పొర. దానికి రుణావేశం ఉంటుంది. స్టీలు మీద పరుచుకున్న పొరకూ అదే ఆవేశం. రెండూ వికర్షించుకుంటాయి. నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలవకుండా ఆపేదీ ఆ వికర్షణే. ఇదే ఎమల్షన్. తోమిన నీళ్లు తెల్లగా, మసకగా కనిపిస్తాయి కదా, అందులో ఉన్నవి ఈ చుక్కలే.

వాటి లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్క మిల్లీలీటరు నూనె మొత్తం 10 మైక్రాన్ల చుక్కలుగా విడిపోతే 190 కోట్ల చుక్కలు అవుతాయి. ఒకే గుండుగా ఉన్నప్పుడు 5 చదరపు సెంటీమీటర్లు కూడా లేని ఉపరితలం ఇప్పుడు 6,000 చదరపు సెంటీమీటర్లు. అంత విస్తీర్ణాన్ని ఒక్క అణువు మందంలో కప్పడానికి ఎంత సర్ఫాక్టెంట్ కావాలి? ఒక్కో అణువు అర చదరపు నానోమీటరు ఆక్రమిస్తుందనుకుంటే మిల్లీగ్రాము కంటే తక్కువే. ఒక మిల్లీలీటరు నూనెకు ఒక మిల్లీగ్రాము చాలు!

మరి మనం గ్రాముల లెక్కన ఎందుకు వాడుతున్నాం? నా దృష్టిలో ఈ విషయమంతటిలో అసలు ప్రశ్న ఇదే.

ఎంత సబ్బు అన్నది కాదు, ఎంత చిక్కగా అన్నది

నీళ్లలో సర్ఫాక్టెంట్ కొద్దికొద్దిగా కలుపుతూ పోతే తలతన్యత దిగుతూ వచ్చి ఒక గాఢత దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఎంత కలిపినా దిగదు. అదనంగా వేసినదంతా మిసెళ్లుగా మారుతుంది. సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు ఆ గీత లీటరుకు 2.4 గ్రాముల దగ్గర ఉంటుంది. ఉప్పు కలిసినా, వేరే రకాల సర్ఫాక్టెంట్లను జోడించినా గీత బాగా కిందికి దిగుతుంది. డిష్‌వాష్ లిక్విడ్లలో రెండు మూడు రకాలు కలపడానికి ఒక కారణం ఇది. గీత ఎక్కడున్నా సూత్రం ఒక్కటే. జిడ్డు అంచు దగ్గరున్న నీళ్లలో గాఢత ఆ గీతను దాటాలి. దాటకపోతే తన్యత పూర్తిగా దిగదు, నూనె చుట్టుకోదు.

15 శాతం సర్ఫాక్టెంట్ ఉన్న లిక్విడ్ ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు తీసుకున్నారనుకుందాం. అందులో అసలు సరుకు 0.75 గ్రాము. దాన్ని 10 లీటర్ల టబ్బు నీళ్లలో కలిపితే లీటరుకు 0.075 గ్రాము. ఇందాకటి 2.4తో పోలిస్తే ముప్పయ్యో వంతు. అదే చెంచా లిక్విడ్‌ను తడి స్పాంజిలో ఉన్న 20 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే లీటరుకు 30 గ్రాములు. గీతకు పన్నెండు రెట్లకు పైనే. సబ్బు అదే, ఖర్చు అదే, గాఢతలో 400 రెట్ల తేడా.

మన ఇళ్లలో పీచుతో సబ్బు బిళ్ల మీద రుద్ది, ఆ పీచుతో గిన్నె తోమే పద్ధతి ఈ లెక్క ప్రకారం చాలా సరైనది. కొళాయి ధారగా వదిలి, పారే నీళ్ల కింద సబ్బు పెట్టి తోమడం తప్పు పద్ధతి. నీళ్లూ పోతాయి, గాఢతా పోతుంది. కాలం కూడా ఇందులో భాగమే. కదలని నీళ్లలో సర్ఫాక్టెంట్ అణువు తనంతట తాను పోగలిగేది సెకనులో 0.03 మిల్లీమీటరు. పది నిమిషాల్లో కూడా మిల్లీమీటరు దాటదు. ఎండిన కూర పొర కిందికి అది చేరాలంటే నానబెట్టాలి. తొందరగా చేరాలంటే రుద్ది కదపాలి.

నురగ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నురగ జిడ్డును తీయదు. డిష్‌వాషర్ యంత్రాల్లో వాడే సర్ఫాక్టెంట్లను నురగ రాకుండా ఎంచుకుంటారు, అయినా గిన్నెలు శుభ్రంగానే వస్తాయి. చేత్తో తోమేవాళ్లకు మాత్రం నురగ ఒక మంచి గుర్తు. నూనె చుక్కలు బుడగల గోడలను పగలగొడతాయి. స్పాంజి మీద నురగ చచ్చిపోయిందంటే ఖాళీగా ఉన్న సర్ఫాక్టెంట్ అయిపోవచ్చిందని అర్థం. అప్పుడు ఇంకాస్త అద్దుకోవాలి.

వేడి, వయసు

చుట్టుకోవాలంటే ముందు ద్రవంగా ఉండాలి. గడ్డకట్టిన కొవ్వు అంచు లోపలికి జరగలేదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన దేశంలో వనస్పతి ద్రవీభవన స్థానం 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. మటన్ కొవ్వుకు 40 దాటాలి. డిసెంబరులో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున కొళాయి నీళ్లతో నెయ్యి గిన్నె తోమితే వేళ్లకు మైనం తగిలినట్టే ఉంటుంది, ఎంత సబ్బు పోసినా. చెయ్యి ఓర్చుకునే వేడి, అంటే 45 డిగ్రీల నీళ్లు చాలు, వీటిలో చాలావరకు కరిగిపోతాయి.

ముందే ద్రవంగా ఉన్న నూనెకూ వేడి మేలు చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర వేరుశనగ నూనె చిక్కదనం నీటికి అరవై డెబ్బై రెట్లు. 60 డిగ్రీలకు తెస్తే ఆ నూనె చిక్కదనం మూడో వంతుకు పడిపోతుంది. అంచు అంత తొందరగా జరుగుతుంది.

పాత జిడ్డు వేరే జాతి. పొయ్యి వెనక గోడ, చిమ్నీ జాలీ, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీది గోధుమరంగు బంక ఒకప్పుడు నూనే, ఇప్పుడు కాదు. నూనె అణువుల్లోని ద్విబంధాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుపోయాయి. ఈ గుణాన్ని అయొడిన్ విలువ అనే అంకెతో కొలుస్తారు. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందో అది. కొబ్బరి నూనెకు సుమారు 8 నుంచి 10, వేరుశనగ నూనెకు 85 నుంచి 100 లోపు, పొద్దుతిరుగుడు నూనెకు 118 నుంచి 141 దాకా. ఇంట్లో సన్‌ఫ్లవర్ నూనె వాడకం మొదలయ్యాక గోడల మీద బంక ఎక్కువైందని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి, అంకెలు వాళ్ల పక్షానే ఉన్నాయి.

ఆ వలకు అంచూ లేదు, కోణమూ లేదు. దాన్ని చుట్టుకునేలా చేయడం సర్ఫాక్టెంట్ వల్ల కాదు, బంధాలను తెంచాలి. అందుకే చిమ్నీ శుభ్రం చేసే ద్రవాల్లో కాస్టిక్ సోడా లాంటి క్షారాలు ఉంటాయి. ఒక శాతం బట్టల సోడా ద్రావణం పీహెచ్ 11 దాటుతుంది. అది కూడా నిదానంగా పని చేస్తుంది, వేడిగా ఉంటే ఇంకా బాగా. చేతికి గ్లౌజులు తప్పనిసరి. అల్యూమినియం మూకుడు మీద మాత్రం క్షారం వద్దు, లోహాన్నే తినేస్తుంది. వంట సోడా పీహెచ్ 8.3 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అది చేసేది చాలావరకు మెత్తగా గీకడమే. వంట సోడాలో వెనిగర్ కలిపి పొంగించి తోమమనే చిట్కా మరీ అన్యాయం. క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది కాస్త ఉప్పు లాంటి పదార్థం, నీళ్లు. పొంగు చూడటానికే.

మన పెద్దవాళ్లు ఈ రెండు పనులనూ ఎప్పుడూ కలపలేదు. ఇత్తడికి, రాగికి చింతపండు, జిడ్డుకు బూడిద. చింతపండులోని ఆమ్లం లోహం మీది చిలుమును కరిగిస్తుంది, కొవ్వును ముట్టదు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, తడిపితే గట్టి క్షారం. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో విడిపోయి ఉన్న కొవ్వు ఆమ్లాలతో అది వెంటనే కలిసి గిన్నె మీదే సబ్బు తయారుచేస్తుంది. ఆ సబ్బు మిగతా నూనెను చుట్టుకునేలా చేస్తుంది. బూడిదలోని నలుసులు గీకడానికి సాయం చేస్తాయి. జిడ్డు గిన్నె తన సబ్బును తానే చేసుకునేదన్నమాట.

బోరు నీళ్ల ఊళ్లలో సబ్బుకు ఇంకో శత్రువు సున్నం. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా సరేనని భారతీయ ప్రమాణం చెబుతుంది. 300 కాఠిన్యం ఉన్న నీళ్లనే తీసుకుందాం. అందులోని కాల్షియం, పాతకాలపు నూనె సబ్బును లీటరుకు 1.8 గ్రాము చొప్పున పట్టుకుని తెల్ల మడ్డిగా మార్చేస్తుంది. పది లీటర్ల బకెట్టుకు 18 గ్రాములు. నురగ మొదలు కాకముందే పోయే సబ్బు అది. సల్ఫోనేట్లు, సల్ఫేట్లు వచ్చాక ఈ నష్టం బాగా తగ్గింది. కుంకుడుకాయలోని సపోనిన్లు కూడా సున్నంతో ఇలా మడ్డి కట్టవు.

శుభ్రమైందని ఎలా తెలుస్తుంది

వేలితో రుద్దితే కిర్రుమనాలని ఇళ్లలో చెబుతారు. మంచి పరీక్షే. ఇంకా సున్నితమైనది ఒకటుంది. దాని మూలం కూడా వంటింటి నీళ్లలోనే దొరికింది.

ఆగ్నెస్ పోకెల్స్ 1862లో వెనిస్‌లో పుట్టి, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పెరిగారు. అప్పట్లో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. తల్లిదండ్రుల సేవ, ఇంటి పని ఆమె మీద పడ్డాయి. అంట్లు కడిగే నీళ్ల మీద జిడ్డు చేరినప్పుడు ఉపరితలం తీరు మారడం గమనించి, ఇరవై ఏళ్ల వయసులో కొలవడం మొదలుపెట్టారు. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రేకు తొట్టి. అంచుల దాకా నీళ్లు. పైన అడ్డంగా జరపగలిగే ఒక రేకు పట్టీ. పట్టీని జరుపుతూ జిడ్డు పొర విస్తీర్ణాన్ని తగ్గించి, తలతన్యత ఎక్కడ మారుతుందో చూశారు. ఒక హద్దు వరకూ మార్పు లేదు, ఆ హద్దు దాటగానే తన్యత ఒక్కసారిగా పడిపోతుంది. 1891 జనవరిలో ఇదంతా వివరంగా బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాశారు. ఆయన దాన్ని నేచర్ పత్రికకు పంపి, అచ్చు వేయమని కోరారు. మార్చి 12న అచ్చయింది. ఆమె పట్టుకున్న ఆ హద్దు, కొవ్వు అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఒక్క అణువు మందంలో పొర కట్టే చోటు. అక్కడ ఒక్కో అణువుకు దక్కే స్థలం 0.2 చదరపు నానోమీటరు. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఈ దారిలో ముందుకు వెళ్లి 1932లో నోబెల్ అందుకున్నారు. అదే ఏడాది, డెబ్బై ఏళ్ల వయసులో, పోకెల్స్‌కు బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆమెకు ఆ గుర్తింపు అంత ఆలస్యంగా రావాల్సింది కాదు.

ఒక్క అణువు మందమున్న ఆ పొర కంచం మీద మిగిలిందనుకుందాం. రెండు నానోమీటర్ల మందంతో కంచమంతా పరుచుకుంటే దాని బరువు 0.1 మిల్లీగ్రాము. మొదట్లో ఉన్న 500 మిల్లీగ్రాముల్లో 99.98 శాతం పోయి, పదివేల పాళ్లలో రెండు పాళ్లు మిగిలినట్టు. కంటికి కనబడదు, చేతికి తగలదు. నీళ్లకు మాత్రం తెలిసిపోతుంది. ఎలక్ట్రోప్లేటింగ్ చేసేవాళ్లు లోహాన్ని కడిగాక వంచి పట్టుకుని, దాని మీద నీళ్లు ఎలా జారుతున్నాయో చూస్తారు. పొర ఎక్కడా తెగకుండా అద్దంలా నిలిస్తే కొవ్వు లేనట్టు. ఎక్కడైనా చీలి చుక్కలు కడితే అక్కడ ఇంకా ఉన్నట్టు. ఆ చోట పూత పట్టదు, పెచ్చు లేస్తుంది, అందుకే వాళ్లకు అంత పట్టింపు.

స్టీలు కంచంతో ఇంట్లోనూ ఇది చేయొచ్చు. ఒక్క జాగ్రత్త: సబ్బు మిగిలి ఉన్నా నీటి పొర తెగదు, జిడ్డున్న చోట కూడా పరుచుకుపోతుంది. కాబట్టి రెండుసార్లు మంచి నీళ్లతో జాడించాకే కంచాన్ని వంచి చూడాలి. పొర చీలిన చోట మళ్లీ పీచు పెట్టాలి.